కృష్ణాతీరపు విలుకత్తె

గడచిన 2025వ సంవత్సరపు కార్తికమాసమున మా యింట నొక చిన్న వివాదము పుట్టినది. ఇట్టిది మీలో పెక్కుమంది యిండ్లలో నేదో యొక రూపమున పుట్టియే యుండును గావున, దానితోనే యీ వ్యాసమును మొదలిడుచున్నాము.

మేముండునది హాలియా. మా వారు ఉపాధ్యాయులు. వారి పాఠశాల యావరణమున నొక యినుపకంబమునకు పలకయు, పలకకు వలతో గూడిన వలయమును బిగించియున్నవి. బాస్కెట్‌బాల్ ఆట కొఱకది. మా రెండవ అమ్మాయికి పండ్రెండేండ్లు. బడి విడిచిన పిదప బంతి చేతికి దొరకినదన్న చీకటిపడువఱకు దానికి ఇంటి తలంపే యుండదు. వలయము క్రిందికి పరుగున పోయి బంతి వేయు పిల్లలు పెక్కుమంది కలరు. దూరపు గీత వెలుపల నిలిచి, వలయపు టంచునైనను తాకకుండ బంతిని వలలో పడవేయువారు తక్కువ. ఆ యాటయందు గీత లోపలినుండి వేసినదానికి రెండంకములు, వెలుపలినుండి వేసినదానికి మూడు. అంతర్జాతీయ నియమముల ప్రకారమా గీత 6.75 మీటర్ల దూరమున నుండును. మా అమ్మాయికి ఆ దూరపు గుఱి పట్టుబడినది.

నల్లగొండలో మూడు దినముల శిబిరమునకు పిల్లను పంపవలెననియు, అచ్చట జట్టులోనికి తీసికొన్నచో ఇతర జిల్లాలకును పోవలసియుండుననియు కబురు వచ్చినది. తలిదండ్రుల సమ్మతిపత్రముపై సంతకము కావలెను. మా అత్తగారు వెంటనే యన్నారు: “బంతి ఆడుకోవద్దని నేనన్నానా? బడిలో ఆడనీ, పెరట్లో ఆడనీ. ఆడపిల్ల సంచి భుజాన వేసుకొని ఊళ్లు పట్టుకు తిరగడం మన ఇంటా వంటా లేదు.”

“నాయనమ్మా, పెరట్లో గెలిస్తే ఎవరు లెక్కపెడతారు?” అని అమ్మాయి.

మా వారు మాత్రము కాగితమును దీపపు గూటిలో పెట్టి, “నీవు ఆలోచించి సంతకం పెట్టు. నీకు సమ్మతం కాకుంటే నేనూ పెట్టను” అని బడికి వెళ్లిపోయిరి.

మేమును వెంటనే సంతకము చేయలేదు. కారణమును దాచనేల? మేము బడికి పోయి చదువుకొన్నవారము కాము. మా తండ్రిగారే ఇంట కూర్చుండబెట్టి భారత భాగవతములు చెప్పిరి. మాకు పదుమూడేండ్లు నిండిననాడు పొరుగూర పద్యపఠనపు పోటీ యొకటి జరిగినది. పోవలెనని ఎంతయో ముచ్చటపడితిమి. పెద్దలు వలదనిరి, అంతటితో నది ముగిసినది. మా కంఠము శ్రావ్యముగ నున్నదని ఇంటివారందఱు నేటికిని మెచ్చుకొందురు. నిజముగ నున్నదో లేదో మాత్రము మాకీనాటికిని తెలియదు. ఏలయన పరాయివారెవరును విననే లేదు. అయినను, బిడ్డ సంగతి వచ్చునప్పటికి మాకును మా పెద్దల భయమే కలిగినది. మూడు రాత్రులు పిల్ల ఎచ్చట పండుకొనును, ఎవరు కనిపెట్టియుందురు, ఓడిపోయి ఏడ్చినచో ఎవరోదార్తురు అని మనస్సు పరిపరివిధముల పోయినది.

ఆ వారముననే పత్రికలలో ఢాకా నగరమున జరిగిన ఆసియా విలువిద్యా పోటీల వార్త వచ్చినది. కాంపౌండు విల్లు పోటీలో స్త్రీలలో మొదటి స్థానము విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖకు దక్కినది. ఆమె పేరు మేమిదివఱకును వినియుంటిమి. కాని సంతకము చేయని కాగితము గూటిలో నుండగా చదివిన ఆ వార్త మఱొక విధముగ తోచినది. గుఱి యొక్కటే ఆస్తిగా ఇన్నియేండ్లు దేశదేశములు తిరిగిన తెలుగు ఆడుపడుచు చరిత్రమును మొదటినుండి తెలిసికొనవలెనని బుద్ధి పుట్టినది. తెలిసికొన్నంతవఱకు ఇచట వ్రాయుచున్నాము.

జ్యోతి సురేఖ 1996వ సంవత్సరము జులై 3వ తేదీన విజయవాడలో జన్మించినది. తండ్రి సురేంద్రకుమార్‌గారు పూర్వము కబడ్డీ ఆటగాడు. ఆమెకు మొదట కీర్తి తెచ్చినది విల్లు కాదు, నీరు. నాలుగేండ్ల వయస్సున, మన పిల్లలు పలక పట్టుకొని ఓనమాలు దిద్దునాటికి, ఆమె కృష్ణానదిని మూడుమారులు ఈది, మొత్తము 5 కిలోమీటర్లను 3 గంటల 20 నిమిషముల 6 సెకండ్లలో ముగించి లిమ్కా రికార్డుల గ్రంథమున పేరు నిలిపినది. మా హాలియాకు ఎగువన నాగార్జునసాగరమున ఆగి, ఎడమకాలువ వెంబడి మా పొలములను తడుపు నీరును ఆ కృష్ణదే. ఆ నదియే దిగువకు సాగి విజయవాడను చేరును. ఆ పసిబిడ్డ ఈదిన నీరు మా నీరేయని తలచినప్పుడు, చెప్పరాని బంధుత్వమొకటి తోచినది.

తరువాత ఆమె విల్లు పట్టినది. చదువును విడువలేదు, కోనేరు లక్ష్మయ్య విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివినది. ఒకచేత పుస్తకము, ఒకచేత విల్లు నడపుట యెట్టిదో, ఒకచేత గరిటె, ఒకచేత పసిబిడ్డను పట్టుకొని నడపుకొను మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆమె పట్టునది మన పురాణములలోని విల్లు కాదు. దీనిని కాంపౌండు విల్లందురు. అమెరికా దేశస్థుడు హోలెస్ విల్బర్ ఆలెన్ అను నతడు దీనిని కల్పించి 1969లో హక్కుపత్రము పొందెను. విల్లు రెండు కొనలయందును చిన్న చక్రములుండును. వానికి ఇరుసు సరిగా నడుమ నుండదు, ఒక ప్రక్కకు తొలగియుండును. నూతి గిలకమీద చేద లాగు మనకీ కిటుకు తేలికగనే బోధపడును. త్రాడు లాగుచున్నకొలది మొదట మిక్కిలి బరువుగ నుండి, పూర్తిగ లాగినంతట చక్రములు తిరిగి బరువులో నధికభాగమును తామే మోయును. అందువలన విలుకత్తె త్రాడును చెంపదాక లాగి, చేయి వణకకుండ కొన్ని క్షణములు గుఱి చూడగలదు. వింటికి గుఱి చూచుటకు భూతద్దము వంటి చిన్న అద్దముండును. త్రాడును వ్రేళ్లతో విడువరు, చేతిలో నిముడు కొక్కెము వంటి పనిముట్టుతో విడుతురు.

ఇన్ని సదుపాయములున్నవి గదా, ఇందేమి కష్టమని యనుకొనరాదు. సదుపాయము అందఱికిని సమానమే గావున, ఇచ్చట ఒక్క తప్పునకే శిక్ష పడును. లక్ష్యము 50 మీటర్ల దూరమున, అనగా 160 అడుగులకు పైబడి, నిలుపబడును. దాని నడిమి వలయము వ్యాసము 8 సెంటీమీటర్లు; ఇంచుమించు మనము నీళ్లు త్రాగు గాజుగ్లాసు మూతియంత. అందులో నాటినదానికి 10 అంకములు, దాని వెలుపలి వలయమునకు 9. ఒక్కొక్క పోటీలో 15 బాణములు, మొత్తము 150 అంకములు. బాణమునకు 20 సెకండ్ల వ్యవధి. గొప్పవారి నడుమ పోటీలో 149 వచ్చినవారు గెలుతురు, 146 వచ్చినవారు ఓడుదురు. పదునైదింటిలో పదునాలుగు గాజుగ్లాసు మూతిలోనే నాటి, ఒక్కటి వ్రేలెడు ప్రక్కకు పోయినచో 149 వచ్చును. దీనికంటె ఎక్కువ చెప్పనేల?

మన భారతమున ద్రోణాచార్యులు చెట్టుపై పక్షి బొమ్మ నుంచి శిష్యుల గుఱిని పరీక్షించిన కథను మనమందఱము పిల్లలకు చెప్పుదుము. పార్థునకు పక్షి కన్ను తప్ప అన్యము కనబడలేదందుము. మేమును ఎన్నియో మారులు చెప్పితిమి. కాని యీ మధ్య చదువునప్పుడు మాకొక సంగతి స్ఫురించినది. ఆ పరీక్ష జరిగినది ఒక్క దినము, బాణము ఒక్కటి, ప్రక్కన గురువు నిలిచియుండెను. నేటి విలుకత్తెకు పోటీకి ముందు జరుగు శోధనలోనే 72 బాణములు. ఒక దేశమున ఎండ, మఱొక దేశమున చలి. ఒకచోట గాలి ఎడమనుండి, మఱొకచోట కుడినుండి వీచును. ప్రక్కన నిలుచునది గురువు కాదు, తన్ను ఓడింపవచ్చిన మఱొక విలుకత్తె. పెరటిలోని గుఱి గుఱియే గాని, అది ఎంతటిదో పరదేశపు గాలిలోనే తేలును.

జ్యోతి సురేఖ తిరిగిన త్రోవను చూడుడు. 2014లో దక్షిణకొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడలలో త్రిషా దేబ్, పూర్వాశా షెండేలతో గూడి జట్టుపోటీలో కాంస్యము. అప్పటికామెకు పదునెనిమిదేండ్లు. 2017లో మెక్సికో నగరపు ప్రపంచపోటీలలో జట్టుకు రజతము. ఆ యేటనే అర్జున పురస్కారము. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ముస్కాన్ కిరార్, మధుమితా కుమారిలతో రజతము. బంగారమునకు మూడే అంకములు తక్కువైనవి: కొరియావారికి 231, మనవారికి 228. 2019లో హాలండు దేశపు సెర్టోహెన్‌బాష్ నగరమున ప్రపంచపోటీలలో తనకొక కాంస్యము, జట్టుకొక కాంస్యము.

2021లో అమెరికాలో మిస్సోరీ నది యొడ్డుననున్న యాంక్టన్ అను చిన్న పట్టణమున ప్రపంచపోటీలు జరిగినవి. అచ్చట నొక పోటీలో పదునైదు బాణములను పదునైదును నడిమి వలయముననే నాటి 150కి 150 సాధించినది. విడి పోటీలోను, స్త్రీల జట్టులోను, అభిషేక్ వర్మతో కూడిన స్త్రీపురుష జంటపోటీలోను, మూడింటను తుదివఱకు చేరినది. మూడింటను కొలంబియా దేశమువారిచేతనే ఓడినది. విడి పోటీలో గెలిచిన సారా లోపెజ్‌కు 146, ఈమెకు 144. మూడు రజతములు! లోకము మెచ్చుకొన్నది. కాని మూడుమారులు మొదటి మెట్టు ముంగిట ఆగిపోయి, సంచి సర్దుకొని అంత దూరము మరలివచ్చిన ఆ ప్రయాణమెట్లుండునో మనము ఊహింపగలము. ఆ యేటి చివరనే ఢాకాలో ఆసియా పోటీలలో ఆమె స్వర్ణము గెలిచినది.

ఇంతవఱకు చదివి మేము నిట్టూర్పు విడిచి, ఇక కథ సుఖముగ నడచునని తలచితిమి. అట్లు జరుగలేదు. 2022లో జరిగిన ఎంపికలో ఆమెకు జట్టున స్థానమే దొరకలేదు. ప్రపంచమున మూడు రజతములు గెలిచి ఆఱు నెలలైన గడచెనో లేదో, ఆసియా క్రీడలకు వేఱొకరిని ఎన్నుకొనిరి. ఆ వసంతమున మొదటి రెండు ప్రపంచకప్పు పోటీలకు జట్టు ఆమె లేకయే పోయినది. పూర్వపు పతకములు చూపి స్థానమడుగు పద్ధతి విలువిద్యలో లేదు. ఆ దినపు బాణములే లెక్క.

మనలో ఎవరైననేమి చేసియుందుము? ఇరువదియైదేండ్లు నిండినవి, చదువున్నది, పురస్కారమున్నది. ఇక చాలునని విల్లు గోడకు తగిలించినను తప్పుపట్టువారుండరు. ఆమె తిరిగి గీతయొద్దకు వచ్చినది. ఆ జూన్ మాసముననే పారిసు నగరపు ప్రపంచకప్పులో మరల జట్టులో చేరి, అభిషేక్ వర్మతో జంటపోటీలో స్వర్ణమును, విడి పోటీలో రజతమును తెచ్చినది. ఇంతలో చైనాలో కోవిడు కారణముగ ఆసియా క్రీడలు 2023కు వాయిదాపడినవి. మరల ఎంపిక జరిగినది. ఈమారు ఆమెకు స్థానము దొరకినది. దైవము తలుపు తెఱచినదనవచ్చును. కాని తలుపు తెఱచునప్పటికి ఆమె అభ్యాసము మాని యింట గూర్చుండియున్నచో, ఆ తలుపు తెఱచిన సంగతియే తెలియకపోయెడిది.

2023వ సంవత్సరమును గూర్చి కొంత విపులముగ వ్రాయుదుము. ఏప్రిలులో తుర్కీదేశపు అంటాల్యాలో ప్రపంచకప్పు. యాంక్టన్‌లో తన్నోడించిన సారా లోపెజ్‌ను అచ్చట ఓడించి స్వర్ణము గెలిచినది. ఆగస్టులో బెర్లిను నగరమున ప్రపంచపోటీలు. ఆ నెల 4వ తేదీన పర్ణీత్ కౌర్, అదితి స్వామి అను ఇద్దఱు పడుచు పిల్లలతో గూడి, జట్టుపోటీలో మెక్సికోవారిని 235-229తో గెలిచినది. ప్రపంచ విలువిద్యా పోటీలలో మన దేశమునకు అదియే మొట్టమొదటి స్వర్ణము. అర్జునుడు, ఏకలవ్యుడు, కర్ణుడు అని పసితనమునుండి చెప్పుకొను దేశమునకు ఆ గౌరవమును తెచ్చినవారు ముగ్గురు ఆడుపిల్లలు!

మఱునాడు విడి పోటీ. అందులో జ్యోతి సురేఖకు ఎదురుగ నిలిచినది ముందునాడు తనతో గూడి గెలిచిన అదితియే. మహారాష్ట్రలోని సతారాకు చెందిన ఆ పిల్లకప్పటికి పదునేడేండ్లు. అదితికి 149, జ్యోతికి 145. తనకంటె పదేండ్లు చిన్నదానిచేత, తన జట్టులోని దానిచేత, ఓడినది. ఆ కొంతసేపటికే కాంస్యము కొఱకు మఱొక పోటీకి నిలువవలెను. ఆ పోటీలో ఆమె వేసిన బాణములు పదునైదు, అంకములు 150. ఒక్కటైనను తప్పలేదు. అదితి ఆనాడు ప్రపంచ విజేత యైనది. ఆమె ప్రక్కన మూడవ మెట్టుపై జ్యోతి నిలిచినది. మాకు ఆమె గెలిచిన స్వర్ణములన్నిటికంటె ఆ కాంస్యమే ఎక్కువ హృదయంగమముగ తోచినది. ఓడిన దినముననే చేయి వణకకుండ నిలుపుకొనుట ఏ గ్రంథమును చదివినను వచ్చునది కాదు.

ఆ సంవత్సరము అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున ఆసియా క్రీడలు జరిగినవి. 4వ తేదీన ఓజస్ దేవ్‌తలేతో జంటపోటీ. 160 అంకములకు మనవారికి 159, కొరియావారికి 158. 5వ తేదీన అదితి, పర్ణీత్‌లతో జట్టుపోటీ. మనవారికి 230, చైనీస్ తైపేవారికి 229. రెండింటను ఒక్కొక్క అంకమే తేడా. విడి పోటీలో మరల అదితియే ఎదురైనది. ఈమారు పెద్దదే గెలిచినది, 149-146. 7వ తేదీన తుదిపోటీలో కొరియాకు చెందిన సో ఛేవోన్‌ను 149-145తో ఓడించి మూడవ స్వర్ణము గైకొన్నది. జట్టులో చోటు లేదనిపించుకొన్న యేడాదిన్నరకు, అవే క్రీడలలో మూడింటికి మూడు స్వర్ణములు!

పోతనగారి భాగవతమున నరకాసురునిపై విల్లెక్కుపెట్టిన సత్యభామను చదివి మురియని తెలుగు స్త్రీ యుండదు. మేమును ఆ ఘట్టమును కంఠస్థము చేసితిమి. కాని సత్యభామ విల్లు పట్టినది ఒక్క యుద్ధమున, ప్రక్కన కృష్ణుడుండెను. ఇక ద్రౌపదీ స్వయంవరమున మత్స్యయంత్రమును కొట్టవలసినవారు పురుషులు. కన్య పందెముగ నిలిచినది. మన కాలమున పందెముగ నిలువక, తానే యంత్రమును కొట్టు కన్యలు వచ్చిరి. కొట్టినదానితో తృప్తిపడక మరల తెల్లవాఱకముందే లేచి అభ్యాసమునకు పోవుచున్నారు. పురాణము చదువుకొన్న మనము దీనిని చూచి సంతోషింపక, ఇంటా వంటా లేదని ఎట్లనగలము?

ఆమె కథయందు మఱొక విశేషము కలదు. ఇన్ని గెలిచినను ఆమె ఒలింపిక్ క్రీడలకు పోలేదు; ఓడిపోయి కాదు. 1972నుండి ఒలింపిక్సులో ఎడతెగక విలువిద్య యున్నను, అది రికర్వు అను వేఱొక వింటికే. కాంపౌండు వింటికి అచ్చట చోటుండలేదు. లోకులు పెద్ద బహుమానమనుకొనునది తన త్రోవలోనే లేదని ఎఱిగియు ఆమె ఇన్నియేండ్లు ఆ వింటినే పట్టినది. 2025 ఏప్రిలులో, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలలో కాంపౌండు జంటపోటీని చేర్చునట్లు నిర్ణయము జరిగినది. పేరు రాని పనిని పేరు వచ్చు పనివలెనే చేయుట మన యింటి స్త్రీలకు క్రొత్తది కాదు గావున, ఈ సంగతి మనకే ఎక్కువ తెలియవలెను.

2024 ఏప్రిలులో షాంఘై ప్రపంచకప్పున విడి పోటీలో, జట్టులో, జంటలో మూడు స్వర్ణములు గెలిచినది. అందు విడి పోటీలో మెక్సికోకు చెందిన ఆండ్రియా బెసెర్రాతో 146-146గ సరిసమానమై, ఒక్క బాణముతో తీర్పు జరుగవలసివచ్చినది. 2025లో రిషభ్ యాదవ్‌తో గూడి ప్రపంచపోటీల జంటయందు రజతము. ఆ యేటి అక్టోబరులో నాన్‌జింగ్ నగరమున ప్రపంచకప్పు తుదిపోటీలు. కాంపౌండు వింటియందు ఆ తుదిపోటీలలో విడి పోటీ పతకము గెలిచిన భారతస్త్రీ అంతకుముందు లేదు. జ్యోతి కాంస్యము కొఱకు నిలిచి, మరల పదునైదింటికి పదునైదు నడుమనే నాటి, 150 అంకములతో గెలిచినది. పిమ్మట నవంబరులో ఢాకా. ఈ వ్యాసమునకు మొదలైన ఆ వార్త. అచ్చట తుదిపోటీలో ఆమెకెదురైనది పదునేడేండ్ల భారతబాలిక ప్రితికా ప్రదీప్. బెర్లినులో పదునేడేండ్ల పిల్లచేత ఓడిన జ్యోతి, ఇరువదితొమ్మిదేండ్ల వయస్సున ఢాకాలో మఱొక పదునేడేండ్ల పిల్లను గెలిచినది. వెనుకటివారు వచ్చుచునే యుందురు. ముందటివారు ప్రతిదినము తమ చోటును మరల సంపాదించుకొనుచునే యుండవలెను.

ఇదంతయు మేము రెండు మూడు రాత్రులు కూడబెట్టి, మూడవనాటి రాత్రి భోజనములైన పిదప అత్తగారికి చదివి వినిపించితిమి. వారు వత్తులు చేసికొనుచు వినిరి. యాంక్టన్ మూడు రజతములకు, “అయ్యో” అనిరి. జట్టులో చోటు లేదన్నచోట వత్తి చేయుట ఆపిరి. అంతయు ముగిసిన తరువాత, “నాలుగేళ్లప్పుడు కృష్ణలో ఈదిందా? ఆ తల్లి గుండె ఎంత గట్టిది!” అనిరి. మరికొంతసేపటికి, “మనవాడు నల్లగొండలో ఎవరో తోటి మాస్టరు గారున్నారన్నాడే, వారి ఆడవాళ్లకు ఒక మాట చెప్పమను” అని లేచిపోయిరి.

మేము సంతకము చేసితిమి. అమ్మాయి బయలుదేఱు నాటి ఉదయము మా అత్తగారే మురుకులు, పల్లీపట్టీలు డబ్బాలో పెట్టి, ఆ శిబిరమున పిల్లలకు తోడుగ నుండు పంతులమ్మగారి పేరడిగి వ్రాయించుకొనిరి. ఆడుపిల్లను పంపుట యనగా ఊరక బస్సెక్కించుట కాదు. ఎవరితో పోవుచున్నది, ఎచ్చట ఉండును, ఎవరిని పిలువవలెను అని విచారించుట మన బాధ్యత. ఆ విచారణ చేయుటకు బద్ధకించి, వలదనుట సులువు గనుక వలదందుము. మా పెద్దలు మమ్ము ఆపినదియు ద్వేషముచేత కాదు, ఈ బద్ధకముచేతనే యని ఇప్పుడు మాకు తోచుచున్నది.

పిల్ల మూడవనాడు తిరిగివచ్చినది. జట్టులోనికి తీసికొనలేదు. ఏడ్చియుండును, కండ్లు ఎఱ్ఱగ నున్నవి. మేము ఏమనవలెనో తోచక అన్నము వడ్డించితిమి. సగము తినిన పిదప తానే చెప్పినది: “అమ్మా, అక్కడ బంతి కొత్తది, చేతిలో జారింది. మన బడిలో గాలికి గోడ అడ్డం ఉంది, అక్కడ లేదు. నేను పదిలో ఏడు వేస్తాననుకున్నా. అక్కడ నాలుగే పడ్డాయి.”

ఆ మాట వినినప్పుడు మా మనస్సునకు కలిగినది దుఃఖము కాదు. పండ్రెండేండ్లకే దానికి తన లెక్క తెలిసినది. ఏడా, నాలుగా యని ఇక సందేహము లేదు. నాలుగునుండి ఎక్కడికి పోవలెనో దానికి దారి కనబడుచున్నది. మాకు పదుమూడేండ్లనాడు తప్పిపోయినది ఆ లెక్కయే. గెలుపు కాదు.

సోదరీమణులారా, మీ యింట ఆడుపిల్లకు పాటయో, లెక్కయో, విల్లో, బంతియో, ఏదో యొక గుఱి యుండియుండును. ఇంటనే దానిని మెచ్చుకొనుట ప్రేమ. దానిని ఇతరుల ముందు, ఇతరుల నేలమీద నిలుపుట అంతకంటె పెద్ద ప్రేమ. జ్యోతి సురేఖ వంటివారు కోటికొక్కరు పుట్టుదురు. మన పిల్లలందఱును అట్లు కావలెనని మేమనుట లేదు. ఒక్క సంచి, నమ్మకమైన తోడు, పోయి రమ్మను మాట. ఇంతవఱకు మాత్రము మనచేతిలో నున్నది.

ఈ వ్యాసము ముగించుచుండగా బడి ఆవరణమునుండి బంతి చప్పుడు వినవచ్చుచున్నది. నేడు మా అమ్మాయి గోడ అడ్డము లేని రెండవ కంబముకడకు మాఱినది. మా అత్తగారు గుమ్మమున గూర్చుండి, ఎన్ని వేసినదో, ఎన్ని పడినవో వ్రేళ్లపై లెక్కపెట్టుచున్నారు.